యంత్రం నేర్చుకుంటుంటే మనమెందుకు నేర్చుకోవాలి?

సికింద్రాబాదు రైల్వే స్టేషను 1874లో మొదలయింది. ఆ తరువాత వంద సంవత్సరాలకు పైగా అక్కడి టిక్కెట్ల లెక్కలన్నీ కాగితం మీదనే సాగాయి. ఒక్కొక్క రైలుకు ఒక్కొక్క లావుపాటి రిజిష్టరు ఉండేది. అందులో ఒక్కొక్క తేదీకి ఒక పుట. మీరు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాలంటే ఆ రైలు రిజిష్టరు ఏ గుమాస్తా ముందు ఉందో ఆ కౌంటరు దగ్గరే వరుసలో నిలబడాలి. పక్క కౌంటరు ఖాళీగా ఉన్నా లాభం లేదు. రిజిష్టరు ఒకేసారి ఇద్దరి చేతుల్లో ఉండలేదు కదా!

ఈ రోజు ఏ కౌంటరులోనైనా ఏ రైలుకైనా టిక్కెట్టు ఇస్తారు. ఇంట్లో కూర్చుని ఫోనులో కూడా తీసుకోవచ్చు. ఈ మార్పు తెచ్చింది కంప్యూటరు. ఇంకా సరిగా చెప్పాలంటే, కంప్యూటరుకు ఏం చేయాలో చెప్పే ప్రోగ్రాము. ఆ ప్రోగ్రాములు వ్రాసేవారినే సాఫ్ట్‌వేరు ఇంజనీర్లు అంటున్నాము.

అయితే ఇప్పుడు మరొక మార్పు వచ్చింది. "ఫలానా పని చేసే ప్రోగ్రాము వ్రాసిపెట్టు" అని మామూలు తెలుగులో అడిగితే, యంత్రమే ప్రోగ్రాము వ్రాసి ఇస్తోంది. వ్యాసాలు వ్రాస్తోంది. లెక్కలు చేస్తోంది. దీనినే కృత్రిమ మేధ అంటున్నారు. మరి అటువంటప్పుడు మనం కష్టపడి నేర్చుకోవడం ఎందుకు? ఈ ప్రశ్న బడి పిల్లలకే కాదు, పెద్ద ఉద్యోగాలు చేస్తున్న ఇంజనీర్లకు కూడా వచ్చింది. దీనికి జవాబు తెలియాలంటే ముందు యంత్రం ఎలా నేర్చుకుంటుందో తెలుసుకోవాలి.

నియమాలు చెప్పే పద్ధతి

మన దేశంలో రైలు రిజర్వేషనును కంప్యూటరుకు అప్పగించే పని 1985లో ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలయింది. ప్రభుత్వ రంగంలోని సి.ఎం.సి. సంస్థ ఆ ప్రోగ్రామును తయారుచేసింది. దాని పేరు 'ఇంప్రెస్'. ఈ సి.ఎం.సి.కి సికింద్రాబాదులో పరిశోధన కేంద్రం ఉండేది. తరువాత రైల్వేల సొంత సంస్థ 'క్రిస్' మరొక ప్రోగ్రామును తయారుచేసింది. దాని పేరు 'కన్సర్ట్'. దీనిని మొట్టమొదట అమలుచేసింది, 1994లో, సికింద్రాబాదులోనే. 1999 నాటికి ఢిల్లీ, ముంబాయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు అయిదూ ఒకదానితో ఒకటి కలిశాయి. అప్పటినుండి ఎక్కడివారు ఎక్కడినుండి ఎక్కడికైనా టిక్కెట్టు తీసుకోగలుగుతున్నారు.

ఇటువంటి ప్రోగ్రాములో ఉండేవి నియమాలు. "బెర్తు ఖాళీ ఉంటే ఇవ్వు. లేకపోతే వెయిటింగ్ లిస్టులో చేర్చు. ఎవరైనా టిక్కెట్టు రద్దు చేసుకుంటే లిస్టులో మొదటివారికి ఆ బెర్తు ఇవ్వు." నియమాన్ని ఆలోచించేది మనిషి. దానిని తూచా తప్పకుండా పాటించేది యంత్రం. యంత్రం ఇక్కడ ఏమీ నేర్చుకోదు. మొదటి రోజు ఎంత తెలుసో పదేళ్ళ తరువాతా అంతే తెలుసు.

ఉదాహరణలు చూపే పద్ధతి

ఇప్పుడు వేరే ప్రశ్న తీసుకుందాం. మీకు వెయిటింగ్ లిస్టులో 18వ నంబరు వచ్చింది. ప్రయాణం నాటికి బెర్తు దొరుకుతుందా, దొరకదా?

దీనికి నియమం లేదు. ఎంతమంది రద్దు చేసుకుంటారో ముందుగా ఎవరు చెప్పగలరు? కాని రోజూ కౌంటరులో కూర్చునే అనుభవం గల గుమాస్తా, "ఈ రైలుకయితే వస్తుంది లెండి" అని ఊహించి చెప్పగలడు. ఆయనకు ఆ ఊహ ఎలా వచ్చింది? వందల సందర్భాలు చూసి. యంత్రానికి కూడా ఇదే దారి. పాత సంగతులు దానికి చూపించాలి.

ఒక చిన్న లెక్క చేద్దాం. అంకెలు మనం కల్పించుకున్నవే. యంత్రానికి ఒక 'హద్దు అంకె' ఇద్దాం. మొదట ఏదో ఒకటి, 20 అనుకుందాం. వెయిటింగ్ నంబరు 20 లోపు అయితే "దొరుకుతుంది" అంటుంది, దాటితే "దొరకదు" అంటుంది. ఇప్పుడు పాత ఉదాహరణలు ఒక్కొక్కటే చూపిద్దాం.

నంబరు 5: దొరికింది. ఊహ సరి.
నంబరు 30: దొరకలేదు. ఊహ సరి.
నంబరు 12: దొరికింది. ఊహ సరి.
నంబరు 18: దొరకలేదు. ఊహ తప్పు!

తప్పు జరిగింది కనుక హద్దును 17కు దించుదాం. మళ్ళీ మొదటినుండి సరిచూడండి. నాలుగూ సరిపోయాయి. యంత్రం ఒక మెట్టు నేర్చుకున్నది.

ఇప్పుడు అయిదవ ఉదాహరణ వచ్చింది. నంబరు 25: దొరికింది! హద్దు 17 అన్నాము కనుక ఊహ మళ్ళీ తప్పింది. హద్దును 25కు పెంచితే 18వ నంబరు దగ్గర తప్పు వస్తుంది. ఒక్క అంకెతో రెండూ కుదరవు. ఏం చేయాలి?

వివరాలు చూద్దాం. 18వ నంబరు ప్రయాణం సంక్రాంతి ముందురోజుది. సంక్రాంతికి సికింద్రాబాదులో ఎంత రద్దీ ఉంటుందో మీకు తెలుసు. ఊరికి వెళ్ళే టిక్కెట్టును ఎవరూ రద్దు చేసుకోరు. మిగిలిన నాలుగూ మామూలు రోజులవి. అందుచేత యంత్రానికి రెండవ అంకెను కూడా ఇద్దాం. మామూలు రోజున హద్దు 27. పండుగ రోజయితే అందులోనుండి 10 తీసివేయాలి. ఇప్పుడు అయిదింటినీ సరిచూడండి. అన్నీ సరిపోతాయి.

యంత్రం నేర్చుకోవడం అంటే ఇదే. ఊహించడం, నిజంతో పోల్చిచూడడం, తప్పితే అంకెలను కొద్దిగా సవరించడం. మళ్ళీ ఊహించడం. మనం రెండు అంకెలతో చేశాము. నిజమైన యంత్రాలలో ఇటువంటి అంకెలు వేలు, లక్షలు ఉంటాయి. రైల్వే టిక్కెట్ల వెబ్‌సైటులో 2018 నుండి వెయిటింగ్ లిస్టు టిక్కెట్టు ఖాయమయ్యే అవకాశం ఎంతో చెప్పే సౌకర్యం వచ్చింది. అదీ పాత ప్రయాణాల లెక్కల మీద ఆధారపడినదే.

మాటలు పేర్చే యంత్రం

మరి మాట్లాడే యంత్రం సంగతేమిటి? అది కూడా ఊహించే యంత్రమే. అది ఊహించేది బెర్తును కాదు, తరువాతి మాటను. ఇది అర్థం కావడానికి కాగితం, పెన్సిలు చాలు. ఈ అయిదు వాక్యాలు వ్రాసుకోండి.

రాము బడికి వెళ్ళాడు.
సీత బడికి వెళ్ళింది.
రాము ఊరికి వెళ్ళాడు.
రాము బడికి వచ్చాడు.
సీత ఊరికి వచ్చింది.

ఇప్పుడు ఏ మాట తరువాత ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. 'రాము' తరువాత 'బడికి' రెండుసార్లు, 'ఊరికి' ఒకసారి వచ్చాయి. 'బడికి' తరువాత 'వెళ్ళాడు', 'వెళ్ళింది', 'వచ్చాడు' ఒక్కొక్కసారి వచ్చాయి. ఈ పట్టికను చూస్తూ కొత్త వాక్యం వ్రాయండి. 'సీత' తో మొదలుపెడితే 'బడికి' రావచ్చు. 'బడికి' తరువాత 'వెళ్ళాడు' రావచ్చు. అంటే, "సీత బడికి వెళ్ళాడు"!

మీకు నవ్వు వచ్చింది కదా? తప్పు ఎక్కడుందో చూడండి. ఒక్క మాటను మాత్రమే వెనుదిరిగి చూడడం వల్ల యంత్రం 'సీత'ను మరచిపోయింది. రెండు మాటలు వెనక్కి చూడమంటే, 'సీత బడికి' తరువాత 'వెళ్ళింది' అని సరిగా చెబుతుంది. కాని అప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. "లక్ష్మి బడికి..." అని మొదలుపెడితే ఏం చేయాలి? 'లక్ష్మి' పట్టికలో లేదు. యంత్రం నోరు మూసుకోవలసిందే.

ఇందుకని ఇంజనీర్లు పట్టికను వదలి, ప్రతి మాటకూ కొన్ని అంకెలను ఇచ్చారు. ఒకే రకంగా వాడే మాటలకు దగ్గర దగ్గర అంకెలు వస్తాయి. ఎన్నో వాక్యాలు చదివిన మీదట, 'సీత', 'లక్ష్మి' అనే మాటలు ఒక చోటికి చేరతాయి. అప్పుడు 'లక్ష్మి బడికి' అని ఎప్పుడూ చూడకపోయినా 'వెళ్ళింది' అని ఊహించగలదు. ఈ రోజుల పెద్ద యంత్రాలు వేల మాటలు వెనక్కి చూస్తాయి. వాటిలో సవరించే అంకెలు వందల కోట్లు ఉంటాయి. కాని పద్ధతి మనం చేసినదే: తరువాతి మాటను దాచిపెట్టు, ఊహించు, పోల్చు, సవరించు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గమనించండి. "సీత బడికి వెళ్ళింది" అని యంత్రం తప్పులేకుండా వ్రాసింది. కాని సీత ఈ రోజు నిజంగా బడికి వెళ్ళిందా? ఆ సంగతి యంత్రానికి తెలియదు. జ్వరంతో ఇంట్లో పడుకుని ఉండవచ్చు. వాక్యం సరిగా ఉండడం వేరు, అందులోని విషయం నిజం కావడం వేరు. కృత్రిమ మేధ ఇచ్చే జవాబులో తప్పు ఉన్నా చదవడానికి హాయిగా, నమ్మకంగా ఉండడానికి కారణం ఇదే.

కాటూరు నుండి కార్నెగీ మెలన్ దాకా

యంత్రానికి మాటలు నేర్పే పనిలో ముందువరుసలో ఉన్నవారిలో ఒక తెలుగువాడున్నారు. ఆయన దబ్బల రాజగోపాల రెడ్డి. ప్రపంచానికి రాజ్ రెడ్డిగా పరిచయం. 1937లో అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామంలో పుట్టారు. మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో పట్టా పొందారు. ఆస్ట్రేలియాలో పైచదువు చదివి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1966లో డాక్టరేటు పొందారు. అక్కడ ఆయన గురువు జాన్ మెకార్తీ. 'కృత్రిమ మేధ' అన్న పేరు పెట్టినది ఆయనే.

రాజ్ రెడ్డి చేపట్టిన సమస్య ఇది: మనిషి మాట్లాడితే యంత్రానికి అర్థం కావాలి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం 1976 నాటికి 'హార్పీ' అనే ప్రోగ్రామును తయారుచేసింది. అది 1,011 మాటలను గుర్తుపట్టగలిగింది. ఇప్పుడు మీ ఫోను అంతకంటె ఎన్నో రెట్లు ఎక్కువ మాటలు గుర్తుపడుతుంది. కాని అప్పటికి అది గొప్ప విజయం. 1994లో ఆయనకు, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌కు కలిపి ట్యూరింగ్ బహుమతి ఇచ్చారు. కంప్యూటరు విజ్ఞానంలో దీనిని మించిన బహుమతి లేదు. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటి పాలకమండలికి కూడా ఆయన అధ్యక్షులుగా పనిచేశారు.

ఒకటే బెర్తు, ఇద్దరు ప్రయాణీకులు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. యంత్రమే ప్రోగ్రాము వ్రాస్తుంటే మనిషి ఎందుకు నేర్చుకోవాలి?

రిజర్వేషను ప్రోగ్రాము వ్రాయమని యంత్రాన్ని అడిగామనుకోండి. అది ఇలా వ్రాసింది: "ఖాళీ బెర్తులెన్నో చూడు. ఒకటయినా ఉంటే టిక్కెట్టు ఇవ్వు. తరువాత ఖాళీల లెక్కలో ఒకటి తగ్గించు." చదివితే చక్కగా ఉంది. మీరు ఒక్కరే కూర్చుని పరీక్షించారు. అన్నిసార్లూ సరిగా పనిచేసింది.

కాని నిజమైన స్టేషనులో ఎన్నో కౌంటర్లు ఒకేసారి పనిచేస్తాయి. చివరి బెర్తు ఒకటే మిగిలింది. మొదటి కౌంటరు లెక్క చూసింది: ఖాళీ ఒకటి. అది తగ్గించేలోపల, క్షణంలో వెయ్యోవంతు తేడాతో, రెండవ కౌంటరు కూడా లెక్క చూసింది: ఖాళీ ఒకటి. ఇద్దరూ టిక్కెట్టు ఇచ్చారు. అర్ధరాత్రి ఒకటే బెర్తు దగ్గర రెండు కుటుంబాలు, ఇద్దరి చేతుల్లోనూ సరైన టిక్కెట్లే!

దీనికి విరుగుడు ఉంది. ఒక కౌంటరు లెక్క చూసినప్పటినుండి తగ్గించేదాకా, ఆ లెక్కకు తాళం వేయాలి. రెండవ కౌంటరు ఆ కాసేపు ఆగాలి. పాత రిజిష్టరు గుర్తున్నదా? అది ఒకేసారి ఇద్దరి చేతుల్లో ఉండలేదన్నాము. అప్పుడది ఇబ్బందిగా కనిపించింది. నిజానికి అదే తాళం! కంప్యూటరు వచ్చాక ఆ తాళాన్ని మనం ఆలోచించి పెట్టవలసి వచ్చింది.

ఇప్పటి యంత్రాన్ని "తాళం కూడా పెట్టు" అని అడిగితే పెడుతుంది. ఒక్కొక్కసారి అడగకుండానే పెడుతుంది. కాని పెట్టిందో లేదో చూసేది ఎవరు? "ఇద్దరు ఒకేసారి అడిగితే ఏమవుతుంది?" అనే ప్రశ్న తట్టినవారు చూస్తారు. ఆ ప్రశ్న తట్టడానికి ఎప్పుడో ఒకసారి తానుగా ప్రోగ్రాము వ్రాసి, తానుగా దెబ్బతిని ఉండాలి.

జీతం లేని పని

మంచి ఇంజనీర్లలో చాలామందికి ఒక అలవాటు ఉంటుంది. ఉద్యోగం పని అయిపోయాక, ఎవరూ చెప్పకుండానే, జీతం లేకుండానే, తమకు ఇష్టమైన ప్రోగ్రాము ఒకటి వ్రాసుకుంటూ ఉంటారు. కొందరు తోటపని చేసినట్లు, కొందరు తపాలా బిళ్ళలు సేకరించినట్లు ఇదీ ఒక తీరిక వేళ పని.

ఇటువంటి పనులు చాలా దూరం వెళ్ళాయి. 1991లో ఫిన్‌లాండులో లైనస్ టోర్‌వాల్డ్స్ అనే విద్యార్థి సరదాగా మొదలుపెట్టినదే లినక్స్. 1989 క్రిస్మస్ సెలవులలో గీడో వాన్ రోసమ్ మొదలుపెట్టినదే పైథాన్. కృత్రిమ మేధ ప్రోగ్రాములను ఈనాడు ఎక్కువగా ఆ పైథాన్ భాషలోనే వ్రాస్తున్నారు.

మన తెలుగు కూడా కంప్యూటరులోకి చాలావరకు ఇలాగే వచ్చింది. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తెలుగును రోమను అక్షరాలలో తప్పులేకుండా వ్రాసే ఒక పద్ధతిని తయారుచేశారు. ఇంగ్లీషు కీబోర్డు మీద టైపు చేస్తే తెలుగు అక్షరాలు రావడానికి ఆ పద్ధతి దారి చూపింది. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున తెలుగు వికీపీడియాను మొదలుపెట్టారు. ఆ తరువాత ఎందరో తమ తీరిక సమయంలో అందులో వ్యాసాలు వ్రాశారు. వీరిలో ఎవరికీ ఇది పరీక్షలో వచ్చే ప్రశ్న కాదు.

కృత్రిమ మేధ కాలంలో కూడా ఇది ఆగలేదు. 2023లో హైదరాబాదులోని 'స్వేచ్ఛ' అనే సంస్థ చొరవతో వేలమంది ఇంజనీరింగు విద్యార్థులు పాత తెలుగు కథల పుటలను కంప్యూటరులోకి ఎక్కించే పనిలో పాల్గొన్నారు. ఆ కథలను చదివించి తయారుచేసిన చిన్న యంత్రానికి 'చందమామ కథలు' అని పేరు పెట్టారు. యంత్రానికి తెలుగు రావాలంటే తెలుగు వాక్యాలు కావాలి. వాటిని వ్రాసినవారు, సరిదిద్దినవారు మనుషులే.

తప్పు ఎవరు చేస్తే వారికే పాఠం

ఇప్పుడు మన హద్దు అంకె లెక్కను ఒకసారి గుర్తుచేసుకోండి. 18వ నంబరు దగ్గర యంత్రం ముందుగా "దొరుకుతుంది" అని ఊహించింది. తప్పింది. అందువల్లనే దాని అంకె మారింది. ఊహించకముందే మనం జవాబు చెప్పేసి, "పోల్చవద్దు, ఊరికే కాపీ చేసుకో" అని ఉంటే? అంకె 20 దగ్గరే ఉండిపోయేది. ఉదాహరణలు వెయ్యి చూపినా యంత్రం ఏమీ నేర్చుకునేది కాదు.

మనకూ అంతే. జామెట్రీ లెక్కకు మీరు ఏ ప్రయత్నమూ చేయకుండా యంత్రాన్ని అడిగి జవాబు దించుకుంటే, నోటుబుక్కు నిండుతుంది. మీ లోపలి అంకె మాత్రం కదలదు. అదే మీరు ముందుగా ప్రయత్నించి, తప్పో ఒప్పో ఒక జవాబు వ్రాసి, ఆ తరువాత యంత్రం జవాబుతో పోల్చి, "నేను ఎక్కడ దారి తప్పాను?" అని అడిగితే, అదే యంత్రం మీకు ఓపికగల ఉపాధ్యాయుడు అవుతుంది. యంత్రాన్ని వాడడంలో తప్పు లేదు. తప్పు చేసే అవకాశాన్ని దానికి అప్పగించడమే నష్టం. ఎందుకంటే తప్పు ఎవరు చేస్తే పాఠం వారికే దక్కుతుంది.

ఈ సెలవులలో మీరూ ఒక తీరిక పని పెట్టుకోండి. కంప్యూటరు లేకపోయినా ఫరవాలేదు. మీ తెలుగు వాచకంలోని ఒక పాఠం తీసుకుని, ప్రతి మాటనూ తరువాతి మాటతో జతచేసి పట్టిక వేయండి. నలుగురు మిత్రులు కలిసి చేస్తే ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. తరువాత చీటీలు తీసి కొత్త వాక్యాలు తయారుచేయండి. కొన్ని నవ్వు పుట్టిస్తాయి. కొన్ని నిజం వాక్యాల్లాగే ఉంటాయి. ఏది ఎందుకు తప్పిందో వెతకండి. అలా వెతుకుతున్నంతసేపు, నేర్చుకునేది ఆ చీటీల పట్టిక కాదు, మీరే.